నెల్లూరు రొట్టెల పండుగ: చెరువులో ఎవరూ అడగని ప్రశ్న లాడ్జిలో అడిగారు

దర్గా చెరువులో నిలబడి కోరికల రొట్టెలు ఇచ్చిపుచ్చుకునే రొట్టెల పండుగకి నెల్లూరు వెళ్లి లాడ్జిలో దిగాం. బోర్డు మీద డబుల్ రూమ్ 900 అని ఉంది. కౌంటర్లో కుర్రాడు చెప్పింది 2,600. పండగ రేటన్నాడు, సరే అనుకున్నాం. నాలుగు ఆధార్ కార్డులూ తిరగేసి, "మీరు హిందువులు గదా సార్, దర్గాలో మీకేం పని?" అన్నాడు. ఈ ప్రశ్నకి జీఎస్టీ వెయ్యలేదు, అదొక్కటే మేలు.

రూములో బకెట్ ఉంది, మగ్గు లేదు. కుళాయిలో నీళ్లు తెల్లారి 5 నుంచి 6 వరకే. 24 గంటల చెకౌట్ అని చెప్పి, రాత్రి 10కి దిగినవాళ్ల తలుపు పొద్దున 8కే కొట్టారు. రసీదు అడిగితే తెల్లకాగితం మీద అంకె వేసిచ్చారు. మా వదిన మొహం అప్పుడు ముడుచుకుంది, మధ్యాహ్నం నెయ్యికారం దోశ తిన్నాక గానీ విప్పుకోలేదు. రొట్టెల పండుగ రోజుల్లో ఊళ్లోనే దిగాలనుకుంటే మూడు విషయాలు డబ్బు కట్టకముందే తేల్చుకోండి: మొత్తం రేటు ఎంత, ఏ టైముకి ఖాళీ చెయ్యాలి, నీళ్లు ఎప్పుడొస్తాయి. అసలు దిగకపోవడమే మంచిదని నా మాట. గూడూరులోనో కావలిలోనో రూము తీసుకుని తెల్లవారుజామున రైలెక్కితే చాలు. రెండూ విజయవాడ–చెన్నై లైను మీదే. స్టేషన్లో దిగి దర్గామిట్ట అంటే ఆటోవాళ్లందరికీ తెలుసు. మమ్మల్ని నలుగురికీ కలిపి 200 అడిగాడు, 120కి వచ్చాడు. జనం ఎక్కువున్న రోజు ఆటోని దూరంగానే ఆపేస్తారు, మిగతాది నడకే.

ఇక దర్గా. స్వర్ణాల చెరువు గట్టున పన్నెండు మంది షహీదుల, అంటే అమరవీరుల, సమాధులున్నాయి, అందుకే బారా షహీద్ దర్గా. మొహర్రం నెలలో అయిదు రోజుల పండుగ. సమాధులకి గంధం సమర్పించే రాత్రి జనం విరగబడతారు. పిల్లలూ ముసలివాళ్లూ ఉంటే ఆ ఒక్క రాత్రి వదిలెయ్యండి. రొట్టెలు మార్చుకోవడం మిగతా రోజుల్లోనూ సాగుతూనే ఉంటుంది. పొద్దున 5 గంటలకి చెరువులో దిగితే నీళ్లు కాస్త తేటగా ఉంటాయి. 9 దాటితే మెట్ల మీద నానిన రొట్టె ముక్కలు బురదలా పేరుకుంటాయి. అక్కడే జారి పడేది. చెప్పులు ముందే వదిలెయ్యాలి, మెట్టు మీద మడమ కాకుండా పాదం మొత్తం ఆనించాలి, ఫోను జేబులో పెట్టుకోకూడదు.

కొత్తవాళ్లు తప్పు చేసేది ఇక్కడే. రొట్టెలు కొనుక్కుని చెరువులో దిగి పంచేస్తారు. వరస అది కాదు. మొదటిసారి వెళ్లినవాళ్లు తీసుకోవాలి, ఇవ్వకూడదు. ఏ కోరికుంటే ఆ రొట్టె: చదువు రొట్టె, ఉద్యోగ రొట్టె, పెళ్లి రొట్టె, సంతాన రొట్టె, ఆరోగ్య రొట్టె, సొంతింటి రొట్టె, ఈమధ్య విదేశీయాన రొట్టె కూడా. కిందటేడు కోరిక తీరినవాళ్లు అదే రొట్టె తెచ్చి నీళ్లలో నిలబడి కేకేస్తుంటారు. మీకు కావలసిన పేరు వినబడ్డ చోటికి వెళ్లి, తలకి కొంగో రుమాలో కప్పుకుని, రెండు చేతులతో అందుకుని, అక్కడే తినాలి. కోరిక తీరితే మళ్లీ వచ్చి, ఆ కోరికతో వచ్చిన ఇంకొకరి చేతిలో పెట్టాలి. తీరకపోతే బాకీ లేదు.

కోరిక తీరి ఇచ్చేవాళ్లు రొట్టె ఇంట్లో చేసి తేవడమే మేలు. గట్టు మీద అమ్మేవి పల్చగా, ఎండిపోయి ఉంటాయి, తడి తగలగానే చిరిగిపోతాయి. మేం అడిగిన చోట జత 30 చెప్పారు.

మా పెద్దమ్మ కడుపులో చల్ల కదలకుండా కూర్చునే మనిషి, బయట మంచినీళ్లు కూడా ముట్టదు. గట్టు మీదే ఉంటానంది. బద్వేలు నుంచి వచ్చిన ఒక బురఖా ఆవిడ ఆరోగ్య రొట్టె పట్టుకుని, "మోకాళ్లేనా అమ్మా? నాకూ అవే. పోయినేడు ఈ మెట్లు ఎక్కలేకపోయినా" అంది. మీరెవరు, ఏ ఊరు, ఏ మతం అని ఇద్దరూ ఒకరినొకరు అడగలేదు. మోకాళ్ల గురించి మాత్రం పావుగంట మాట్లాడుకున్నారు. రొట్టె నోట్లో పెట్టుకుని పెద్దమ్మ అన్న మాట ఒక్కటే: "ఉప్పు తక్కువైంది."

లాడ్జి కుర్రాడి ప్రశ్నకి జవాబు దర్గా కథలోనే ఉంది. చెరువులో బట్టలుతికే చాకలి దంపతులకి షహీదులు కలలో కనబడ్డారనీ, ఆర్కాటు నవాబు భార్య జబ్బుకి ఈ సమాధుల మట్టి మందని చెప్పారనీ, నయమయ్యాక నవాబు వచ్చి మొక్కు తీర్చుకున్నాడనీ చెప్పుకుంటారు. కథే కావచ్చు. కానీ దర్గా వాళ్లే చెప్పుకునే కథలో కబురు అందింది చాకలివాళ్లకి. సమాధుల దగ్గర మొక్కడం ముస్లింలలోనూ అందరికీ సమ్మతం కాదు, దర్గాకి వెళ్లడం హిందువుల్లోనూ కొందరికి గిట్టదు. ఆ తగువు గట్టు మీద పడేవాళ్లు ఉన్నారు, నీళ్లలో దిగినవాళ్లలో మాత్రం మాకెవరూ కనబడలేదు.

ఇదే సంగతి తిరగేసి చూడాలంటే ఉగాదికి దేవుని కడప వెళ్లండి. నెల్లూరు నుంచి ఆత్మకూరు, బద్వేలు మీదుగా బస్సులో పోవచ్చు. తిరుమలకి తొలిగడప అనే ఆ వేంకటేశ్వరుడి గుడికి పండగ పూట ముస్లింలు కుటుంబాలతో వచ్చి కొబ్బరికాయ కొట్టి, బియ్యం, బెల్లం, చింతపండు కలిపి భత్యం ఇచ్చిపోతారు. స్వామి భార్య బీబీ నాంచారి తమ ఇంటి ఆడపిల్ల, కాబట్టి స్వామి అల్లుడని వాళ్ల నమ్మకం. ఏడాదికోసారి అల్లుడింటికి వట్టి చేతులతో ఎవరు పోతారు? నెల్లూరులో దేవుడితో బాకీ, కడపలో చుట్టరికం. రెంటికీ ఆధార్ అక్కర్లేదు. దర్శనం తెల్లారే చేసుకోండి, ఎండెక్కితే రాతి ప్రాంగణంలో పాదాలు కాలతాయి. అదే ఊళ్లో పెద్ద దర్గా కూడా అదే రోజు చూసెయ్యొచ్చు.

నెల్లూరు జిల్లాలోనే ఇంకో రెండు దర్గాలు చూశాం. కసుమూరు ఒక పూటలో సజావుగా అయిపోయింది, చెప్పడానికేం లేదు. ఏ.ఎస్.పేట మాత్రం గుండె దిటవు ఉన్నవాళ్లకే. గాలి సోకిందని తెచ్చిన మనుషుల కేకలు రాత్రంతా వినబడతాయి. పిల్లలతో అక్కడ రాత్రి ఉండొద్దు.

రొట్టెల పండుగ ఏటా సుమారు 11 రోజులు ముందే వస్తుంది. 2025లో జూలై మొదటివారంలో వచ్చింది కాబట్టి రాబోయే ఏళ్లలో రోహిణి ఎండల వైపు పోతోంది. టిక్కెట్లు తీసే ముందు మొహర్రం తేదీ చూసుకోండి. మోకాళ్లు ఎలా ఉన్నా సరే తానూ వస్తానంటోంది పెద్దమ్మ. పిండిలో ఉప్పు తనే వేస్తుందట. రూము మాత్రం గూడూరులోనే.