బండిలోనే వచ్చే నావిగేషన్‌కి లక్ష పైన పెట్టాలా? మూడేళ్ళు వాడాక నా మాట

మా తమ్ముడు దీపావళికల్లా కారు ఇంటికి తేవాలని చూస్తున్నాడు. 2025 సెప్టెంబర్ 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీ 18 శాతానికి తగ్గింది కదా, రెండేళ్ళుగా వాయిదా వేస్తున్న పని ఇప్పుడు తేల్చేద్దామనుకున్నాడు. ఏ బండో, ఏ రంగో అన్నీ ఖాయమయ్యాయి. ఒక్క దగ్గర ఆగిపోయి నాకు ఫోన్ చేశాడు. "అక్కా, నావిగేషన్ బండిలోనే కావాలంటే టాప్ మోడల్‌కి పోవాలంట. నీ బండిలో ఉంది కదా, తీసుకోమంటావా?"

అరగంట మాట్లాడినా నేను చెప్పాల్సింది పూర్తి కాలేదు. వాడికి చెప్పినదీ, చెప్పడం మర్చిపోయినదీ కలిపి ఇక్కడ రాస్తున్నాను. ఇదే లెక్క వేసుకుంటున్నవాళ్ళు ఇంకా ఉంటారని తెలుసు.

ముందు నా సంగతి. ఆస్పత్రుల ల్యాబుల్లో రక్తపరీక్షలు చేసే మిషన్లు ఆగిపోతే వెళ్ళి బాగుచేయడం నా ఉద్యోగం. ఇల్లు హైదరాబాద్ అత్తాపూర్‌లో. నాకిచ్చిన ఏరియా కల్వకుర్తి, నాగర్‌కర్నూల్, అచ్చంపేట, కొల్లాపూర్, వనపర్తి. వారంలో మూడు రోజులు రోడ్డు మీదే, అదీ ఎక్కువగా ఒక్కదాన్నే. మిషన్ బాగయ్యేసరికి ఒక్కోసారి రాత్రి ఎనిమిదవుతుంది. చీకట్లో బండి ఆపి, అద్దం దించి, తెలియని మనిషిని దారి అడగడం నాకు టెన్షన్. అందుకే 2022 దసరాకి బండి తీసుకున్నప్పుడు నావిగేషన్ ఉన్న వేరియంటే కావాలని పట్టుబట్టాను.

డబ్బు సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే షోరూమ్‌లో ఇది ఎవరూ విడమర్చి చెప్పరు. కింది వేరియంట్ షోరూమ్ ధర 9,60,000, నేను తీసుకున్నది 10,40,000. చూడటానికి తేడా 80,000. కానీ 2022లో తెలంగాణలో బండి ధర 10 లక్షలు దాటగానే లైఫ్ ట్యాక్స్ 14 శాతం నుంచి 17 శాతానికి వెళ్ళింది. పెరిగిన ఎనభై వేల మీదే కాదు, మొత్తం ధర మీద. ఆ ఒక్కదానికే 42,400 ఎక్కువ. పది లక్షలు దాటింది కాబట్టి ఒక శాతం టీసీఎస్ (అమ్మేవాళ్ళే ముందుగా వసూలు చేసే ఆదాయపు పన్ను) కూడా కట్టాలి. అది రిటర్న్ వేసినప్పుడు సర్దుబాటవుతుంది, నిజమే, కానీ ఆ రోజు మన చేతి నుంచే పోతుంది. ఇన్సూరెన్స్ ఇంకో నాలుగు వేలు. అంతా కలిపితే ఆన్‌రోడ్ తేడా 1,37,000 తేలింది. ఇందులో సన్‌రూఫ్, అలాయ్ వీల్స్ కూడా ఉన్నాయి. నేను అడగలేదు, కానీ నావిగేషన్ విడిగా అమ్మరు.

సిటీలో దాని పనితనం ఇదీ. మా ఇంటి మీదుగా పోయే పీవీ ఎక్స్‌ప్రెస్‌వే పదకొండు కిలోమీటర్లకు పైగా ఉంటుంది. దాని కింద వెళ్తుంటే పైన కాంక్రీటు కప్పు వల్ల ఫోన్‌లో బాణం అటూ ఇటూ దూకుతుంది. బండి నావిగేషన్ దూకదు. చక్రాలు ఎంత తిరిగాయో, బండి ఎటు మళ్ళిందో దానికి సెన్సర్ల నుంచి తెలుస్తుంది కాబట్టి ఉపగ్రహం కనపడకపోయినా లెక్క కట్టుకుంటూ పోతుంది. స్టీరింగ్ వెనకాల మీటర్ల మధ్యలో చిన్న బాణం, పక్కన ఇంకెన్ని మీటర్లో అంకె. తల తిప్పనక్కర్లేదు. ఇది నాకు బాగా నచ్చింది, ఇప్పటికీ నచ్చుతుంది.

కానీ 2025 జనవరిలో ఆరాంఘర్ నుంచి జూపార్క్ దాకా నాలుగు కిలోమీటర్ల కొత్త ఫ్లైఓవర్ తెరిచారు. మొదటి వారంలోనే ఎక్కాను. నేను పైన ఉన్నాను, స్క్రీన్ మీద నా బండి కింద రోడ్డులో ఉంది. కింద రాబోయే మలుపులన్నీ చెప్తూ పోయింది, ఒక చోట యూటర్న్ కూడా తీసుకోమంది. అదే రోజు ఫోన్‌లో చూస్తే ఫ్లైఓవర్ కనిపించింది. బండి మ్యాపులోకి అది రావడానికి తొమ్మిది నెలలు పట్టింది, అదీ సర్వీస్‌కి ఇచ్చినప్పుడు నేను గుర్తుచేసి పెన్‌డ్రైవ్‌తో ఎక్కించుకుంటే. పైగా గూగుల్ మ్యాప్స్ 2024 నుంచి మన దగ్గర ఫ్లైఓవర్ ఎక్కాలో వద్దో ముందే చెప్తోంది, హైదరాబాద్‌లో ఇరుకు సందుల గురించీ హెచ్చరిస్తోంది. ఫోన్ తెలుగులో దారి చెప్తుంది, మా బండి ఇంగ్లీషు, హిందీ తప్ప మాట్లాడదు. అత్తాపూర్‌లో అడ్రసంటే ఎక్స్‌ప్రెస్‌వే పిల్లర్ నంబరే. ఫోన్‌లో పిల్లర్ నంబర్ కొడితే దొరుకుతుంది, బండిలో దొరకదు. రోజూ ఊళ్ళో తిరిగే మనిషికి ఫోనే సరిపోతుంది, ఇందులో నాకు అనుమానం లేదు.

ఊరు దాటాక కథ వేరు. 2024 సెప్టెంబర్ మొదట్లో పడ్డ ఆ పెద్ద వానలు గుర్తున్నాయి కదా. అవి తగ్గిన రెండో రోజు లింగాల వైపు పని చూసుకుని అచ్చంపేటకి బయల్దేరాను. సాయంత్రం ఆరున్నర దాటింది. ఒక మలుపులో రోడ్డుకి అడ్డంగా ముళ్ళకంప వేసి ఉంది. అవతల వాగు హోరు వినిపిస్తోంది, నీళ్ళు మాత్రం కనపడటం లేదు. ఫోన్ తీశాను. సిగ్నల్ లేదు. స్క్రీన్ అంతా బూడిద రంగు, మధ్యలో నీలం చుక్క. నేనెక్కడున్నానో దానికి తెలుసు, చుట్టూ ఏముందో తెలియదు.

చాలామంది ఇక్కడే పొరపడతారు. సిగ్నల్ పోతే జీపీఎస్ పోదు. జీపీఎస్ పైన తిరిగే ఉపగ్రహాల నుంచి వస్తుంది, కనీసం నాలుగు అందితే చాలు, మనం ఎక్కడున్నామో తేలుతుంది. సెల్ టవర్‌తో పని లేదు. టవర్ లేకపోతే పోయేది మ్యాపు బొమ్మ, కొత్త దారి లెక్క. ఫోన్‌కి ఆ రెండూ నెట్ ద్వారా రావాలి. బండిలో మ్యాపంతా లోపలే నిలవ ఉంటుంది.

బండి వెనక్కి తిప్పాను. పది సెకన్లు కూడా పట్టలేదు, పాత గీత చెరిగి కొత్త గీత వచ్చింది. 23 కిలోమీటర్లు ఉన్నది 41 అయింది. అయినా అటు వాగు ఉందో లేదో దానికేం తెలుసు? అప్పుడే బైకు మీద వస్తున్న ఒకాయన ఆగాడు. "అటు పోకక్కా, వాగు వొస్తున్నది" అన్నాడు. స్క్రీన్ మీద కొత్త దారిలోని ఊరి పేరు చదివి అడిగాను. "గా ఊరి మీదికెళ్ళి పో, వాగు తగలదు" అన్నాడు. ఆ చీకట్లో మూడు చోట్ల రోడ్డు చీలింది. బోర్డు ఒక్క చోట కూడా లేదు. మూడుసార్లూ బండి సరిగ్గానే చెప్పింది. అచ్చంపేటలో దీపాలు కనిపించాక గాని నా భుజాలు కిందికి దిగలేదు. ఆ రాత్రి ఎవరైనా అడిగి ఉంటే, ఈ 1,37,000 ఎప్పుడో వసూలైందని చెప్పేదాన్ని.

కానీ నా మనసు అక్కడ ఆగలేదు. నెల తర్వాత అటే పని పడింది. ఈసారి ఇంట్లో వైఫై మీద నాగర్‌కర్నూల్ చుట్టుపక్కల మొత్తం ఆఫ్‌లైన్ మ్యాపుగా ఫోన్‌లోకి దింపుకున్నాను. పైసా ఖర్చు లేదు. అదే మలుపు దగ్గర ఫోన్‌ని ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, బండి వెనక్కి తిప్పి చూశాను. ఫోన్ కూడా కొత్త దారి చూపించింది, అదే ఊరి మీదుగా. ట్రాఫిక్ చూపించదు, రెండో దారి కావాలా అని అడగదు, అంతే తేడా. ఆ రాత్రి నన్ను కాపాడిన పనిని, ముందే రెండు నిమిషాలు కేటాయించి ఉంటే ఫోన్ కూడా చేసేది. ఇది ఒప్పుకోవడానికి నాకు కష్టమైంది, కానీ నిజం అదే. తమ్ముడికి ముందుగా చెప్పిందీ ఇదే. ఆఫ్‌లైన్ మ్యాపుకి గడువు ఉంటుంది, ప్రయాణానికి ముందు ఒకసారి అప్‌డేట్ చేసుకోవాలి.

మరి బండిలోదానికి ఇంకేం మిగిలిందంటే, ఎండాకాలం. మే నెలలో కల్వకుర్తి రోడ్డు మీద మధ్యాహ్నం రెండింటికి అద్దం దగ్గర హోల్డర్‌లో పెట్టిన ఫోన్ కాలిపోతుంది. స్క్రీన్ దానంతటదే మసకబారుతుంది, ఛార్జింగ్ ఆగిపోతుంది. కేబుల్‌తో ఆండ్రాయిడ్ ఆటో (ఫోన్‌లోని మ్యాపుని బండి స్క్రీన్ మీద చూపించేది) కలిపి ఫోన్‌ని ఏసీ గాలి తగిలే చోట కింద పెట్టుకుంటే ఈ బాధ చాలావరకు తగ్గుతుంది. తమ్ముడు చూస్తున్న కింది వేరియంట్‌లో ఆండ్రాయిడ్ ఆటో ఉంది, అడిగి ఖాయం చేసుకున్నాను. అది కూడా లేని బండైతే నా మాట మారేది.

బండి నావిగేషన్‌ని కళ్ళు మూసుకుని నమ్మకూడదని నాకు నేర్పింది కృష్ణానది. ఒకసారి కొల్లాపూర్‌లో పని అయ్యాక నాన్నని చూసి వద్దామని, కృష్ణకి అవతల నంద్యాల జిల్లాలో ఉన్న మా ఊరు ఆత్మకూరు పేరు కొట్టాను. చూపించిన దూరం చూసి ఆగిపోయాను. రోడ్డున పోతే పెబ్బేరు, కర్నూలు చుట్టి 150 కిలోమీటర్లు పైనే. అది చూపిస్తున్నది అందులో సగం కూడా లేదు. వేలితో మ్యాపుని పెద్దది చేశాను. సోమశిల దగ్గర గీత నీళ్ళలోకి దిగింది. నీలం మీద సన్నటి చుక్కల గీత, అవతలి ఒడ్డున మళ్ళీ రోడ్డు. అది పడవ దారి. సోమశిల దగ్గర కారు పోయే వంతెన లేదు, ఎన్నో ఏళ్ళుగా అడుగుతున్నారు. మా అమ్మ కాలంలో ఇటు చుట్టాల పెళ్ళిళ్ళకి పడవల మీదే వచ్చేవాళ్ళు. 2007లో ఆ దరిదాపుల్లోనే పడవ మునిగి ఎంతోమంది పోయారు, మా వైపు ఇప్పటికీ తలుచుకుంటారు. నేను ఆ నీళ్ళు ఎరిగినదాన్ని కాబట్టి కదలకముందే పట్టుకున్నాను. కొత్తవాళ్ళు చీకటి పడే వేళ రేవు దాకా పోతే? సెట్టింగుల్లో నాలుగు మెట్లు లోపలికి వెళ్తే ఫెర్రీ (పడవ దారి) వద్దు అనే గడి ఉంది. టిక్ పెట్టాను, కర్నూలు దారి వచ్చింది. ఏ బండి తీసుకున్నా, ఏ ఫోన్ వాడినా ఆ గడి మొదటి రోజే చూసుకోండి.

మా ఊరి పేరే ఇంకో పరీక్ష కూడా నేర్పింది. ఆత్మకూర్లు ఒకటా రెండా! నంద్యాల జిల్లాలో మాది, నెల్లూరు జిల్లాలో ఒకటి, అనంతపురం జిల్లాలో ఒకటి, వనపర్తి జిల్లాలో ఒకటి, హనుమకొండ వైపు ఒకటి. షోరూమ్‌లో బండి స్టార్ట్ చేయించి ఆత్మకూరు అని కొట్టి చూడండి. వనపర్తి ఆత్మకూరు పక్కన ఇంకా మహబూబ్‌నగర్ అని ఉంటే ఆ మ్యాపులో పేర్లు 2016 అక్టోబర్‌కి ముందువి. మాది ఇంకా కర్నూలు జిల్లాలోనే ఉంటే 2022 ఏప్రిల్‌కి ముందువి. నా బండి కొన్నప్పుడు కర్నూలనే ఉంది. అప్పటికి కొత్త జిల్లాలు వచ్చి ఆరు నెలలే కాబట్టి సర్దుకున్నాను. 2025లో కొంటున్న బండిలో అలా ఉంటే మాత్రం సర్దుకోవద్దు. పేర్లే మార్చనివాళ్ళు రోడ్లు మార్చి ఉంటారా?

చివరగా, ఈ నెలలో జరిగినది. ట్రాఫిక్ వివరాలు నెట్ ద్వారా తెచ్చేందుకు బండిలో ఉండే సిమ్‌కి మూడేళ్ళు ఉచితం. అది అయిపోయింది. ట్రాఫిక్ రంగులు ఆగిపోయాయి, మ్యాపు వేసుకోవాలంటే ఎప్పటిలాగే సర్వీస్ సెంటర్‌కే పోవాలి. ట్రాఫిక్ తిరిగి మొదలవ్వాలంటే ఏడాదికింత అని కట్టాలట. కొన్న రోజు ఈ మాట నాకు ఎవరూ చెప్పలేదు, బుక్‌లెట్‌లో చిన్న అక్షరాల్లో ఉంది. ఇది నాకు నిజంగా కోపం తెప్పించింది. లక్ష పైన తీసుకున్నవాళ్ళు ఆ ఒక్క ముక్క నోటితో చెప్పి ఉండాల్సింది. నేను కట్టను. మ్యాపు మాత్రం సర్వీస్‌కి ఇచ్చినప్పుడల్లా ఎక్కించుకుంటాను.

నాకైతే, వారానికి మూడు రోజులు ఆ రోడ్ల మీద ఒంటరిగా తిరిగేదాన్ని కాబట్టి, ఫోన్ చచ్చిపోయినా దారి చెప్పేది ఇంకొకటి బండిలో ఉందన్న ధైర్యం అవసరం. దానికి 40,000 అడిగి ఉంటే సంతోషంగా ఇచ్చేదాన్ని. 1,37,000 ఎక్కువ. మా తమ్ముడి ఆఫీసు గచ్చిబౌలిలో, వాడు ఊరికి పోయేది ఏడాదికి రెండుసార్లు, అదీ కర్నూలు హైవే మీద. వాడికి అక్కర్లేదు.

అదే చెప్పాను. వాడు వెంటనే ఒప్పుకోలేదు, సేల్స్ అబ్బాయి చాలా బాగా చెప్పాడట. "సరే, రేపు ఎటూ వెళ్తున్నావు కదా, డెమో బండిలో కూర్చుని మన ఊరి పేరు కొట్టు. ఏ జిల్లా వస్తుందో ఫోటో తీసి పంపించు" అన్నాను. మధ్యాహ్నం ఫోటో వచ్చింది. ఆత్మకూరు, కర్నూలు జిల్లా. కింది వేరియంట్‌కే అడ్వాన్స్ కట్టేశాడు.