100 రోజుల పాత చట్టమా, 125 రోజుల కొత్త చట్టమా: అనంతపురం కూలీకి ఏది మేలు?

2006 ఫిబ్రవరి 2న నార్పల మండలం బండ్లపల్లిలో మొదలైన ఉపాధి హామీని మా అనంతపురం పల్లెల్లో ఇప్పటికీ కరువు పని అనే అంటారు. దానికి ఆధారమైన 2005 నాటి చట్టం స్థానంలో 2025 డిసెంబరులో పార్లమెంటు కొత్త చట్టాన్ని ఆమోదించినప్పటి నుంచి, ఏడాదికి ఒక్కో కుటుంబానికి ఇచ్చే పని 25 రోజులు పెరిగింది గనుక కొత్తదే మేలన్న మాట తరచూ వినిపిస్తోంది. అంత సులువుగా తేల్చదగిన లెక్క కాదిది.

పాత చట్టం కింద కూలి డబ్బు మొత్తం కేంద్రమే భరించేది. చెల్లింపులు నెలల తరబడి ఆలస్యమైన మాట నిజమే అయినా, అడిగినవారు పెరిగితే నిధులూ పెరగవలసిందే. కొత్త చట్టంలో ఏటా ఒక్కో రాష్ట్రానికి ఇంత అని కేంద్రం ముందే నిర్ణయిస్తుంది. మన రాష్ట్రం ఖర్చులో 40 శాతం భరించాలి, కేటాయింపు దాటిన ప్రతి రూపాయీ రాష్ట్రమే పెట్టుకోవాలి. ఏటా సగటున 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడే ఈ నేలమీద, పనికోసం జనం ఎగబడేది సరిగ్గా వాన ముఖం చాటేసిన ఏడాదే. ఖజానా కూడా అప్పుడే బిగుసుకుంటుంది.

విత్తనం, కోతల కాలంలో 60 రోజులు పని ఆపాలన్న నిబంధన మరొకటి. శెనక్కాయ విత్తే వేళ కూలీలు దొరకడం లేదన్న రైతుల ఫిర్యాదును నేను కొట్టిపారేయను. అయితే వానాధారపు చేనిలో విత్తే తేదీ మేఘం చేతిలో ఉంటుంది. ముందుగా ప్రకటించిన రోజుల్లో విత్తడానికి చాలినంత తడి, అంటే పదును కాకపోతే అటు చేనిపనీ ఉండదు, ఇటు కరువు పనీ ఉండదు, మిగిలేది బెంగళూరు బస్సే.

ఇక నిరుద్యోగ భృతి. పని అడిగిన 15 రోజుల్లో చూపకపోతే భృతి చెల్లించాలన్న నియమం రెండు చట్టాల్లోనూ ఉంది. పాత చట్టం ప్రకారం మొదటి 30 రోజులకు అది కూలిలో కనీసం నాలుగో వంతు. 2025-26 నాటి 307 రూపాయల కూలిపై రోజుకు సుమారు 77 రూపాయలు. ఆ కాస్తయినా అందాలంటే తేదీ వేసిన రసీదు చేతిలో ఉండాలి. పని అడగడానికి మా వీధిలోని ఒక పెద్దావిడకు తోడుగా వెళ్లినప్పుడు, ఆమె పేరును నోటుపుస్తకం చివరి పేజీలో రాసుకున్న కుర్రవాడు, "మస్టరు (కూలీల హాజరు పట్టీ) పడితే చెప్తాలే అత్తా, రసీదు దేనికి?" అన్నాడు. భృతి చెల్లించవలసినదీ రాష్ట్రమే, రసీదు ఇవ్వవలసినదీ దాని యంత్రాంగమే అయినప్పుడు ఆ తేదీ కాగితంమీదికి ఎందుకు ఎక్కుతుంది?

చదువుకున్నవారికి నెలనెలా భృతి ఇవ్వడం మేలనేవారూ ఉన్నారు. 2018 అక్టోబరులో నెలకు 1,000 రూపాయలతో మొదలైన యువనేస్తం 2019లో ప్రభుత్వం మారగానే ఆగిపోయింది. 2024 ఎన్నికల్లో 3,000 రూపాయల హామీ మళ్లీ వచ్చింది. చట్టం అండలేని భృతికి కోర్టులో నిలబడే బలం తక్కువ.

నా మటుకు నాకు, నిధికి హద్దులేని 100 రోజులే మేలనిపిస్తుంది. కొత్త చట్టమే అమలు కావలసివస్తే, ఆ 60 రోజుల విరామాన్ని జిల్లా అంతటికీ ఒకేసారి కాక, ప్రాంతాన్ని బట్టి వేర్వేరుగా ప్రకటించే వెసులుబాటు అందులోనే ఉంది. మన రాష్ట్రం దానిని మండలాలవారీగా, పదును వాన పడిన తరువాతే ప్రకటించాలి.