విదేశీ యాత్రకు పైసలు ఎట్లా కట్టాలె: బ్యాంకు వైరా, కార్డా, ట్రావెల్స్ చేతికా?

మన దిక్కు విదేశాల నుంచి పైసలు రావడం అందరికీ తెలిసిన సంగతే. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ పల్లెల్లో గల్ఫ్ డబ్బుతో లేచిన ఇల్లు లేని వాడ కనబడదు. ఇక్కడి నుంచి బయటికి పంపడమే చాలా కుటుంబాలకు కొత్త. హన్మకొండలో రిటైరైన టీచర్లు, కాజీపేట రైల్వే ఉద్యోగులు, పిల్లలు అమెరికాలో ఉన్న తల్లిదండ్రులు ఇప్పుడు యూరప్, సింగపూర్, బాలి అంటూ బయల్దేరుతున్నారు. వీసా గురించి, టికెట్ గురించి పదిమందిని అడుగుతారు. అక్కడి హోటల్‌కో, టూర్ కంపెనీకో డబ్బు ఎట్లా కట్టాలన్న దగ్గరికి వచ్చేసరికి ఎవరో చెప్పిన మొదటి దారినే పోతారు.

రిటర్న్స్ వేసే పనిలో ఉన్నాను కాబట్టి ఈ కాగితాలు నా టేబుల్ మీదికి వస్తుంటాయి. అందరూ అడిగేది ఒక్కటే, "ఎందులో రేటు తక్కువ సార్?" అని. రేటు చూడాల్సిందే. కానీ దానికంటే ముందు చూడాల్సింది ఇంకొకటుంది. వీసా రాకపోయినా, అవతలివాళ్లు మాట తప్పినా కట్టిన డబ్బు వెనక్కి వస్తుందా? ముప్పై ఏళ్లు కూడబెట్టిన సొమ్ముతో పోయేవాళ్లకు రూపాయి రూపాయిన్నర తేడా కంటే ఈ ప్రశ్నే పెద్దది. నా పోలికంతా దీని మీదే.

ముందు బ్యాంకు వైర్, అంటే మన బ్యాంకు ఖాతా నుంచి అవతలివాళ్ల విదేశీ ఖాతాకు నేరుగా పంపే సంగతి. మన బ్యాంకుల్లో దీన్ని టీటీ అని కూడా అంటారు. చట్టం ప్రకారం పూర్తిగా సక్రమమైన దారి. రిజర్వ్ బ్యాంకు 2004లో మొదలుపెట్టిన ఎల్‌ఆర్‌ఎస్ పథకం కింద ఒక్కో వ్యక్తి ఆర్థిక సంవత్సరానికి 2,50,000 డాలర్ల దాకా పంపుకోవచ్చు. పాన్ కార్డు తప్పనిసరి, ఏ2 ఫారం నింపాలి, ఎందుకు పంపుతున్నారో చెప్పే పర్పస్ కోడ్ రాయాలి. విహారయాత్రకైతే ఎస్0306. ప్రతి బ్రాంచిలో ఈ పని కాదు. కౌంటర్ దగ్గర "ఇక్కడ కాదు సార్, ఫారెక్స్ చూసే బ్రాంచికి పోవాలె" అంటే విసుక్కోకండి, అది నిజమే.

ఇబ్బంది ఎక్కడంటే, స్విఫ్ట్ అనేది బ్యాంకుల మధ్య సందేశాలు మోసే వ్యవస్థ మాత్రమే. డబ్బు మధ్యలో ఒకటి రెండు బ్యాంకుల ఖాతాల మీదుగా పోతుంది. ఆ మధ్య బ్యాంకులు తమ చార్జీ అందులోంచే కోసుకుంటాయి. ఫారంలో చార్జీల గడి ఒకటి ఉంటుంది, చాలామంది దాన్ని చూడనే చూడరు. అందులో 'షా' (SHA) అని ఉంటే ఖర్చు ఇద్దరూ పంచుకున్నట్టు, 'అవర్' (OUR) అని ఉంటే మొత్తం మీరే భరించినట్టు. హోటల్‌కు సరిగ్గా ఇంత ముట్టాలి అన్నప్పుడు 'షా' పెడితే అక్కడికి కొన్ని డాలర్లు తక్కువ చేరతాయి. వాళ్లేమో బుకింగ్ ఖాయం చేయకుండా మెయిల్ పెడతారు, ఆ చిల్లర పంపడానికి మళ్లీ ఇంకో వైర్, ఇంకోసారి చార్జీ.

అంతకంటే పెద్ద మాట. అవతలి ఖాతాలో ఒకసారి జమ అయ్యాక ఆ డబ్బును మీ బ్యాంకు తన అధికారంతో వెనక్కి లాగలేదు. రీకాల్ అడుగుతుంది, అంతే. తీసుకున్నవాళ్లు ఒప్పుకుంటేనే వస్తుంది. మోసగాళ్లు "కార్డు వద్దు, వైర్ చేయండి, డిస్కౌంట్ ఇస్తాం" అనేది ఇందుకే. ఇంకో పద్ధతి కూడా ఉంది. నిజమైన టూర్ కంపెనీ మెయిల్‌లోకి ఎవరో చొరబడి, అసలు ఇన్వాయిస్‌లో ఖాతా నంబరు ఒక్కటి మార్చి పంపుతారు. ఐబాన్ అనే అంతర్జాతీయ ఖాతా నంబర్‌ను కళ్లు పెట్టి చూస్తే కొంతవరకు పట్టుకోవచ్చు. మొదటి రెండక్షరాలు దేశానివి. జర్మనీదైతే డీఈ అని మొదలై మొత్తం 22 అక్షరాలుంటాయి, ఫ్రాన్స్‌దైతే ఎఫ్ఆర్ అని మొదలై 27. పారిస్ కంపెనీ ఇచ్చిన ఐబాన్ ఇంకేదో దేశం అక్షరాలతో మొదలైతే ఆగండి. మెయిల్‌లో ఉన్న నంబర్‌కు కాకుండా, వాళ్ల వెబ్‌సైట్‌లో ఉన్న ఫోన్ నంబర్‌కు కాల్ చేసి అడగండి. అమెరికాలో ఐబాన్ ఉండదు, 9 అంకెల రూటింగ్ నంబర్ ఉంటుంది. అమెరికా ఖాతాకు ఐబాన్ అంటూ ఎవరైనా ఇస్తే అక్కడే అనుమానించాలి.

ఇప్పుడు క్రెడిట్ కార్డు. ఖర్చు ఎక్కువ, ఆ మాట ముందే చెప్తాను. ఎంత ఎక్కువో లెక్కేసి చూద్దాం. 2 లక్షల రూపాయల బుకింగ్ అనుకోండి. చాలా కార్డుల మీద విదేశీ లావాదేవీకి బ్యాంకు అదనంగా వేసే 3.5 శాతం మార్కప్ ఉంటుంది, అంటే 7,000. దాని మీద 18 శాతం జీఎస్టీ 1,260. మొత్తం 8,260. అదే వైర్ అయితే, డాలరు మార్కెట్‌లో 90 రూపాయలున్నప్పుడు బ్యాంకు మీకు 91.50కి ఇచ్చిందనుకుందాం. 2 లక్షల మీద ఆ తేడానే 3,300 పైచిలుకు. మారకం మీద జీఎస్టీ 270. వైర్ చార్జీ ఓ వెయ్యి వేసుకోండి. మొత్తం 4,600 దాకా వస్తుంది. కార్డుతో కట్టినందుకు మీ జేబులోంచి అదనంగా పోయేది దాదాపు 3,600.

ఆ 3,600కు మీకు దక్కేదేమిటి? హోటల్ మూతపడ్డా, చెప్పిన సేవ ఇవ్వకపోయినా కార్డు బ్యాంకు దగ్గర ఫిర్యాదు పెట్టి, కట్టిన డబ్బు వాపసు ఇప్పించమని చార్జ్‌బ్యాక్ అడిగే హక్కు. తప్పకుండా గెలుస్తారని కాదు. కానీ అడగడానికి ఒక పద్ధతి, ఒక గడువు, జవాబు చెప్పాల్సిన బ్యాంకు ఉంటాయి. వైర్‌లో ఇవేవీ లేవు. ముఖం చూడని కంపెనీకి 2 లక్షలు కట్టేటప్పుడు ఆ 3,600 పెట్టడమే మేలని నా గట్టి అభిప్రాయం. మార్కప్ లేని కార్డులు, తక్కువ మార్కప్ కార్డులు కూడా ఉన్నాయి. అవి చేతిలో ఉంటే ఇక ఆలోచించే పనే లేదు. పెన్షన్ మీద ఉన్నవాళ్లకు మామూలు కార్డు రాకపోతే ఫిక్స్‌డ్ డిపాజిట్ మీద ఇచ్చే కార్డు తీసుకోవచ్చు.

కార్డుతో రెండు జాగ్రత్తలు. 2020 నుంచి రిజర్వ్ బ్యాంకు నిబంధన ప్రకారం కొత్త కార్డులు దేశంలో వాడకానికే తెరిచి ఉంటాయి. విదేశీ వాడకాన్ని యాప్‌లో మీరే ఆన్ చేసుకోవాలి, లిమిట్ పెట్టుకోవాలి, తిరిగొచ్చాక ఆఫ్ చేయాలి. రెండోది, అక్కడి మెషీన్ "రూపాయల్లో కట్టమంటారా, యూరోల్లోనా?" అని అడుగుతుంది. రూపాయలు కనబడగానే మనసు అటే లాగుతుంది. యూరోలే నొక్కండి. రూపాయలు నొక్కితే ఆ దుకాణం తరఫు బ్యాంకు తనకు నచ్చిన రేటు వేస్తుంది, అది దాదాపు ఎప్పుడూ మీకు నష్టమే.

ఫారెక్స్ కార్డు, అంటే ముందే విదేశీ డబ్బు నింపుకునే ప్రీపెయిడ్ కార్డు, దాని పని వేరే. ముందే బుకింగులు చేసుకోవడానికి కాదు, అక్కడ దిగాక రోజూ ఖర్చులకు బాగుంటుంది. లోడ్ చేసిన రోజు రేటే ఖాయం, మధ్యలో రూపాయి పడిపోయినా గుబులు లేదు. యూరోలు నింపి స్విట్జర్లాండ్‌లో ఫ్రాంకుల్లో ఖర్చు పెడితే మాత్రం మళ్లీ మారకం చార్జీ పడుతుంది. హోటల్ చెకిన్‌లోనూ, అద్దె కారు దగ్గరా డిపాజిట్ కింద ప్రీపెయిడ్ కార్డు ఇస్తే చాలాచోట్ల ఒప్పుకోరు. ఒప్పుకున్నా ఆ మొత్తం కొన్ని రోజులు బిగిసిపోతుంది. దానికి క్రెడిట్ కార్డే చూపాలి.

నోట్ల విషయం చిన్నది. చాలా దేశాలకు ఒక ప్రయాణానికి 3,000 డాలర్ల విలువకు మించి నోట్లు తీసుకెళ్లకూడదు. వాటిని కొనేటప్పుడు నగదు రూపంలో కట్టగలిగేది 50,000 రూపాయల వరకే, ఆపైన చెక్కు గానీ బదిలీ గానీ. ట్యాక్సీకి, టీకి సరిపడా పట్టుకుంటే చాలు.

మరి మొత్తం ఇక్కడి ట్రావెల్స్ వాళ్లకే రూపాయల్లో ఇచ్చేస్తే? పెద్దవాళ్లకు, భాష ఇబ్బంది ఉన్నవాళ్లకు ఇది నిజంగా సుఖం. తేడా వస్తే పోయి అడగడానికి ఆఫీసు ఇక్కడే ఉంటుంది, వినియోగదారుల కమిషన్ ఇక్కడే ఉంటుంది. దీనికి ఖరీదు పన్నుల రూపంలో ఉంది. ప్యాకేజీ మీద 5 శాతం జీఎస్టీ, అది తిరిగి రాదు. పైన టీసీఎస్, అంటే ముందుగానే పట్టుకునే ఆదాయపు పన్ను. విదేశీ ప్యాకేజీల మీద ఇది 10 లక్షల దాకా 5 శాతం, ఆపైన 20 శాతం ఉండేది. 2026 బడ్జెట్‌లో ఏప్రిల్ 1 నుంచి అన్నింటికీ 2 శాతంగా ప్రకటించారు. ఇది పెద్ద ఉపశమనం. 6 లక్షల ప్యాకేజీకి 30,000 బదులు 12,000 కట్టడమంటే ప్రయాణానికి ముందు చేతిలో 18,000 మిగిలినట్టే.

ఇంకో సంగతి గుర్తుంచుకోండి. ఒక్క విమాన టికెట్ గానీ, ఒక్క హోటల్ గానీ విడిగా కొంటే అది ప్యాకేజీ కిందికి రాదు, ఆ టీసీఎస్ పడదు. మీరే బ్యాంకు ద్వారానో ఫారెక్స్ కార్డు మీదనో ఖర్చు పెట్టుకుంటే 2025 ఏప్రిల్ నుంచి ఏడాదికి 10 లక్షల దాకా టీసీఎస్ లేదు, దాటిన దాని మీద 20 శాతం. ఈ లెక్క ఒక్కో పాన్‌కు, అన్ని బ్యాంకులూ కలిపి. భర్త ఒక్కడే 12 లక్షలు పంపితే 40,000 పట్టుకుంటారు. భార్యాభర్తలు ఎవరి ఖాతా నుంచి వాళ్లు ఆరేసి లక్షలు పంపితే ఏమీ లేదు. విదేశంలో ఉండగా క్రెడిట్ కార్డుతో పెట్టిన ఖర్చు ఈ లెక్కలోకి రాదు.

ఇక మన జిల్లాల్లో గట్టిగా వినిపించే దారి ఒకటుంది. "బాపూ, బ్యాంకెందుకు? మా దోస్తు అక్కడ దిర్హామ్‌లు ఇస్తడు, నువ్వు వాళ్లింట్ల రూపాయలు ఇయ్యి, సరిపాయె" అంటారు. రేటు బాగుంటుంది, కాగితం ఉండదు. దయచేసి ఈ పని చేయకండి. 1999 నాటి విదేశీ మారకపు చట్టం ఫెమా కింద ఇది నేరుగా ఉల్లంఘన, పట్టుబడితే ఆ మొత్తానికి మూడు రెట్ల దాకా జరిమానా వేయవచ్చు. అవతల దోస్తు డబ్బు ఇవ్వకపోతే మీరు ఏ కాగితం పట్టుకుని ఎవరిని అడుగుతారు? అదే అవసరానికి సక్రమమైన దారి ఉంది. అక్కడ ఉద్యోగం చేస్తున్న కొడుకో బిడ్డో తన సంపాదన నుంచి మీ హోటల్, టూర్ ఖర్చు కట్టవచ్చు, దాంతో మీకు ఎల్‌ఆర్‌ఎస్ లేదు, టీసీఎస్ లేదు. వాళ్ల మీద భారం వేయడం ఇష్టం లేకపోతే, ఎన్ఆర్ఐ అయిన కొడుకుకు ఇక్కడ ఉండే ఎన్ఆర్ఓ అనే రూపాయల ఖాతాలోకి మీరు చెక్కు ద్వారానో బదిలీ ద్వారానో రూపాయల్లో బహుమతిగా ఇవ్వవచ్చు. ఇది మీ 2,50,000 డాలర్ల పరిమితిలోనే లెక్క.

నన్నడిగితే, సొంతంగా తిరగగలిగిన వాళ్లకు హోటళ్లు, రైలు టికెట్లు క్రెడిట్ కార్డుతో, అదీ ఉచితంగా రద్దు చేసుకునే వీలున్న బుకింగ్‌లే, వీసా వచ్చేదాకా. రోజు ఖర్చుకు ఫారెక్స్ కార్డు. అరవై దాటి మొదటిసారి పోయేవాళ్లకు ఇక్కడి ట్రావెల్స్, కానీ రసీదు మీద రద్దు షరతులు రాయించుకుని, డబ్బు విడతలుగా. వైర్ మాత్రం అవతలివాళ్లు కార్డు తీసుకోనప్పుడు, ఫోన్‌లో ఖాతా నంబరు సరిచూసుకున్నాకే.

తిరిగొచ్చాక మిగిలిన డాలర్లను 180 రోజుల్లోగా మార్చేయాలి. 2,000 డాలర్ల దాకా ఇంట్లో ఉంచుకోవచ్చు. పట్టుకున్న టీసీఎస్ మీ పాన్ కింద ఇన్‌కమ్ ట్యాక్స్ పోర్టల్‌లో కనిపిస్తుంది. పన్ను కట్టాల్సినంత ఆదాయం లేకపోయినా రిటర్న్ వేస్తేనే అది రిఫండ్ వస్తుంది. ఏ2 ఫారం కాపీ, స్విఫ్ట్ కాపీ, ట్రావెల్స్ ఇచ్చిన టీసీఎస్ సర్టిఫికెట్ అప్పటిదాకా ఒకే ఫైల్లో పెట్టుకోండి.