థింక్ ట్యాంక్ యూనివర్సిటీలో ఉంటే మేలా, విడిగా ఉంటే మేలా?

అమెరికా రాజకీయాలు గమనించే మిత్రులు ఈ మధ్య పదే పదే అడుగుతున్న ప్రశ్న ఇది. థింక్ ట్యాంక్ అంటే ప్రభుత్వ విధానాలపై పరిశోధన చేసి రిపోర్టులు రాసే సంస్థ. ఒక పక్క స్టాన్‌ఫర్డ్‌లోని హూవర్ ఇన్‌స్టిట్యూషన్, జార్జ్ మేసన్ యూనివర్సిటీలోని మెర్కేటస్ సెంటర్. ఇంకో పక్క ఏ క్యాంపస్‌కూ చెందని బ్రూకింగ్స్. ఎవరి రిపోర్టును ఎక్కువ నమ్మాలి?

యూనివర్సిటీ పేరు చూసి మోసపోవద్దని విమర్శకులు అంటారు. వాళ్ల మాటలో బలముంది. మెర్కేటస్‌కు స్వేచ్ఛా మార్కెట్‌ను సమర్థించే పారిశ్రామికవేత్తల కుటుంబమైన కోక్‌ల డబ్బు అందుతుందని అందరికీ తెలుసు. అసలు చిక్కు డబ్బుతో వచ్చే షరతుల్లో ఉంది. 2018లో బయటపడిన పాత ఒప్పందాల ప్రకారం, కొన్ని ప్రొఫెసర్ పోస్టులకు ఎంపికలోనూ, ఆ తర్వాత పనితీరు అంచనాలోనూ దాతలకు కొంత పాత్ర ఉండేది. విద్యాసంస్థకు ఉండాల్సిన స్వతంత్రతకు అవి తగినట్టు లేవని అప్పటి యూనివర్సిటీ అధ్యక్షుడు ఏంజెల్ కాబ్రేరాయే ఒప్పుకున్నారు.

అయినా నా మొగ్గు యూనివర్సిటీ వైపే. ఎందుకంటే అక్కడ లోపలి నుంచే నిలదీసేవాళ్లు ఉంటారు. ఒప్పందాలు చూపించమని మేసన్ విద్యార్థులు ఏళ్ల తరబడి పట్టుబట్టారు, కోర్టుకెళ్లారు. 2019లో వర్జీనియా సుప్రీంకోర్టులో కేసు ఓడిపోయారు, కానీ అప్పటికే కొన్ని కాగితాలు జనం ముందుకు వచ్చేశాయి. స్టాన్‌ఫర్డ్‌లో చూడండి. కోవిడ్ విషయంలో ట్రంప్‌కు సలహాదారుగా వెళ్లిన హూవర్ సీనియర్ ఫెలో స్కాట్ అట్లాస్‌ను తప్పుబడుతూ 2020 నవంబర్‌లో ఫ్యాకల్టీ సెనేట్ (అధ్యాపకుల ప్రతినిధి సభ) 85 శాతం ఓట్లతో తీర్మానం చేసింది. దాంతో ఆయన పదవేమీ పోలేదు, పోవాలని కూడా నేను అనను. సాటి పండితులు పేరుపెట్టి, బహిరంగంగా తప్పుబట్టగలిగారు, నాకు అదే ముఖ్యం.

బ్రూకింగ్స్‌లో మంచి పరిశోధకులు చాలామంది ఉన్నారు. కానీ 2013లో ఖతార్ నాలుగేళ్లకు 1.48 కోట్ల డాలర్లు ఇస్తానంటే, మరుసటి ఏడాది న్యూయార్క్ టైమ్స్ రాశాకే దానిపై గట్టి చర్చ జరిగింది. అక్కడ ఫ్యాకల్టీ సెనేట్ లేదు, విద్యార్థి సంఘాలూ లేవు.

సంప్రదాయవాద హెరిటేజ్ ఫౌండేషన్, ఉదారవాద సెంటర్ ఫర్ అమెరికన్ ప్రోగ్రెస్ లాంటివి ఏ పక్షమో ముందే తెలుసు కాబట్టి ఆ లెక్కలోనే చదువుకోవచ్చు.

విమర్శకులతో నాకు పేచీ ఎక్కడంటే, డబ్బు ఎవరిదో తెలియగానే చాలామంది రిపోర్టు మూసేస్తారు. 2018లో మెర్కేటస్ కోసం చార్లెస్ బ్లాహస్ రాసిన అధ్యయనం చూడండి. సెనేటర్ బెర్నీ శాండర్స్ ప్రతిపాదించిన 'మెడికేర్ ఫర్ ఆల్' (అందరికీ ప్రభుత్వ ఆరోగ్య బీమా) వల్ల పదేళ్లలో ఫెడరల్ ఖర్చు 32.6 లక్షల కోట్ల డాలర్లు పెరుగుతుందని అంచనా వేసింది. ఆ అంకె హెడ్‌లైన్లకెక్కింది. బిల్లులో చెప్పినట్టే ఆసుపత్రులకు, డాక్టర్లకు మెడికేర్ (ఇప్పుడు ప్రధానంగా వృద్ధులకున్న ప్రభుత్వ బీమా) ఇచ్చే తక్కువ రేట్లే చెల్లిస్తే, దేశం మొత్తం వైద్య ఖర్చు సుమారు 2 లక్షల కోట్ల డాలర్లు తగ్గుతుందన్న లెక్క కూడా అదే అధ్యయనంలో ఉంది. శాండర్స్ దాన్ని పట్టుకుని తన వాదనకు వాడుకున్నారు. అంత తక్కువ రేట్లు అమలవుతాయా అన్న అనుమానాన్ని బ్లాహస్ కూడా దాచలేదు. రెండు పక్షాలూ వాదించుకోవాల్సింది ఆ రేట్ల గురించే.

యూనివర్సిటీలకు నేను పెట్టే షరతు ఒక్కటే. దాతలతో ఒప్పందం సంతకమవ్వకముందే ఫ్యాకల్టీ చేతికి రావాలి, నియామకాల్లో దాతకు ఓటు ఉండకూడదు.