టైట్రేషన్‌లో పీహెచ్ లెక్క: హెండర్సన్ సూత్రమా, వర్గ సమీకరణమా, తిరగేసిన లెక్కా?

25 మి.లీ. 0.1 మోలార్ ఎసిటిక్ ఆమ్లంలోకి బ్యూరెట్ నుంచి 0.1 మోలార్ సోడియం హైడ్రాక్సైడ్ వదులుతున్నాం అనుకుందాం. కేఏ (ఆమ్లం ఎంత మేరకు విడిపోతుందో చెప్పే స్థిరాంకం) 1.8×10⁻⁵, పీకేఏ (దాని రుణ లాగ్) 4.74. హెండర్సన్‌కైనా, వర్గ సమీకరణానికైనా మొదటి మెట్టు ఒకటే: ఆమ్లంలో ఎంత భాగం క్షారంతో ఖర్చయిందో మిల్లీమోల్స్‌లో తేల్చుకోవాలి. మొదట ఉన్న ఆమ్లం 2.5 మిల్లీమోల్స్. 5 మి.లీ. క్షారం పోస్తే 0.5 ఎసిటేట్ తయారై, 2.0 ఆమ్లం మిగులుతుంది. ఈ మెట్టు వదిలేసి నేరుగా సమతాస్థితి సమీకరణం రాసేవాళ్లకే లెక్క ఎక్కువగా తప్పుతుంది.

ఇక్కడి నుంచి హెండర్సన్ దారి చాలా సులువు. పీకేఏకి లాగ్ (ఎసిటేట్ / ఆమ్లం) కలపడమే. రెండూ ఒకే ఫ్లాస్కులో ఉన్నాయి కాబట్టి ఘనపరిమాణం కొట్టుకుపోతుంది, మిల్లీమోల్స్‌నే నేరుగా వేయొచ్చు. 5 మి.లీ. దగ్గర 4.143 వస్తుంది. వర్గ సమీకరణంతో 4.145. క్యాలిక్యులేటర్‌కి అనుమతి లేని ఈఏపీసెట్ (పాత ఎంసెట్)లో ఈ తేడా కోసం వర్గమూలాలు తీస్తూ కూర్చోవడం దండగ.

మొదట్లోనే చిక్కు. 0.1 మి.లీ. పోశాక హెండర్సన్ ప్రకారం పీహెచ్ 2.35. క్షారం పోయకముందు ఉన్నది 2.88! క్షారం పోస్తే పీహెచ్ తగ్గిందంటే సూత్రమే చెల్లలేదన్నమాట. ఆమ్లం తనంతట తాను విడిపోయే భాగం లెక్కలోకి రాదని ఆ సూత్రం అనుకుంటుంది. ఇక్కడ క్షారం వల్ల పుట్టిన ఎసిటేట్ 0.0004 మోలారే, ఆమ్లం సొంతంగా విడిపోయి ఇచ్చేది 0.0011. చిన్నదని వదిలేసిందే పెద్దదైంది. హైడ్రోజన్ అయాన్ గాఢతని x అనుకుని, వర్గ సమీకరణంలో x(0.0004 + x) / (0.0992 − x) = 1.8×10⁻⁵ అని రాసి సాధిస్తే 2.94 వస్తుంది, అదే సరైనది. 1 మి.లీ. దగ్గర కూడా 3.36కీ 3.41కీ తేడా ఉంది. సుమారు 3 మి.లీ. నుంచి 24.9 వరకు మాత్రం తేడా 0.01 లోపే. రక్తంలోని కార్బోనిక్ ఆమ్లం, బైకార్బొనేట్‌ల కోసం వాడిన సూత్రమిది. బఫర్ (బలహీన ఆమ్లం, దాని లవణం రెండూ తగినంత ఉన్న మిశ్రమం) ఉన్నచోటే దాని బలం.

ఆమ్లం కాస్త బలమైనదై, ద్రావణం పలచనైతే ఈ వెసులుబాటు కూడా పోతుంది. 0.01 మోలార్ క్లోరోఎసిటిక్ ఆమ్లాన్ని (కేఏ 1.4×10⁻³) అదే గాఢత క్షారంతో సగం వరకు తటస్థీకరిస్తే హెండర్సన్ 2.85 అంటుంది, అసలు విలువ 3.08. సగం దారిలో పీహెచ్, పీకేఏ సమానమని బట్టీపట్టినవాళ్లు బోల్తాపడేది ఇక్కడే.

25 మి.లీ. దగ్గర ఆమ్లం సున్నా, హెండర్సన్‌కి భాగహారమే కుదరదు. ఇక్కడ ఎసిటేట్ జలవిశ్లేషణ (నీటితో చర్య జరిపి హైడ్రాక్సైడ్ ఇవ్వడం) చూడాలి. మొత్తం 50 మి.లీ. కాబట్టి ఎసిటేట్ 0.05 మోలార్, పీహెచ్ 8.72. పలచబడటం మరిచి 0.1 వేస్తే 8.87 వస్తుంది. ఇంకా ఘోరం, అలవాటుగా 7 అని రాసేయడం. 25 దాటాక మిగులు క్షారం ఒక్కటే చాలు: 26 మి.లీ. దగ్గర 0.1 మిల్లీమోల్‌ని 51తో భాగిస్తే పీహెచ్ 11.29.

ఒకటి రెండు బిందువులు కాక మొత్తం వక్రం గీయాలంటే ఈ ముక్కలన్నీ అతికించే బదులు లెక్కనే తిరగేయడం మేలు. ఎక్సెల్‌లో పీహెచ్‌ని మొదటి వరుసగా 2.9 నుంచి 0.1 చొప్పున పెంచుకుంటూ 12 వరకు రాయండి. ఒక్కోదానికీ

క్షారం ఘ.ప. = 25 × (0.1 × α − Δ) / (0.1 + Δ)

α అంటే కేఏ / (కేఏ + హైడ్రోజన్ అయాన్ గాఢత). Δ అంటే హైడ్రోజన్ అయాన్ గాఢతలోంచి హైడ్రాక్సైడ్ అయాన్ గాఢత తీసేస్తే వచ్చేది. ఇది ఆవేశాల సమతుల్యత నుంచి వచ్చింది, ఉజ్జాయింపు ఏదీ లేదు. పీహెచ్ 5 వేస్తే 16.07 మి.లీ. వస్తుంది. ఘనపరిమాణం రుణాత్మకంగా వస్తే, మీరు వేసిన పీహెచ్ ఆరంభ విలువ కన్నా తక్కువన్నమాట. Δ గుర్తు తారుమారైనా సగం దారిలో ఏమీ తేడా కనిపించదు, చివర్లలో వక్రం పాడవుతుంది. అందుకే 26 మి.లీ. దగ్గర 11.29 వస్తోందో లేదో సరిచూసుకోవాలి.

ఇంత చేసినా ల్యాబ్‌లో మీటర్ సగం దారిలో కాస్త తక్కువ చూపిస్తే కంగారు పడక్కర్లేదు. అయాన్ల మధ్య ఆకర్షణ ఈ మూడు లెక్కల్లోనూ లేదు.