లూపు పట్టడం నేర్పారు, ఆటోక్లేవ్ ముట్టనివ్వలేదు

సూక్ష్మజీవశాస్త్రాన్ని అంతవరకు పుస్తకాల్లోనే చదివిన నేను, ప్రయోగశాల మౌలిక పద్ధతులు నేర్పే పది రోజుల శిక్షణను ఇటీవల పూర్తి చేశాను. చేరదలచిన విద్యార్థుల కోసం నా అనుభవం రాస్తున్నాను.

మొదటి రెండు రోజులు బ్యాక్టీరియా జోలికి పోనివ్వలేదు. బల్లను 70 శాతం ఆల్కహాలుతో తుడవడం, లూపును (బ్యాక్టీరియాను ఎత్తే తీగ ఉచ్చును) మంటలో ఎర్రగా కాల్చి చల్లారనివ్వడం, పరీక్షనాళిక దూది బిరడాను బల్ల మీద పెట్టకుండా చిటికెన వేలితో పట్టుకోవడం వంటివన్నీ, ఏ జీవీ లేని శుద్ధమైన పోషక ద్రవాన్ని, అంటే బ్రాత్‌ను ఒక నాళిక నుంచి మరొక నాళికలోకి మార్చడం ద్వారానే సాధన చేయించారు. ఇదేం చాదస్తమని మొదట విసుక్కున్నాను. మరునాడు ఇంక్యుబేటర్ (నాళికలను వెచ్చగా ఉంచే పెట్టె) తెరిస్తే నా మూడు నాళికల్లో రెండు మబ్బుపట్టి ఉన్నాయి, అంటే వాటిలో బ్యాక్టీరియా చేరి పెరిగింది. తప్పు ఎవరిదో అడగవలసిన పని లేకపోయింది.

లూపుతో బ్యాక్టీరియాను గీతలుగా పరిచే స్ట్రీకింగ్‌లోనూ ఇదే పద్ధతి. అగార్ (గడ్డకట్టిన పోషకం) ప్లేటును నాలుగు భాగాలు చేసి గీతలు గీసేటప్పుడు, ఒక భాగం నుంచి మరొక భాగానికి వెళ్లే ముందు లూపును కాల్చడం మరచిపోయాను కనుక, విడివిడి కాలనీలకు (బ్యాక్టీరియా గుంపులకు) బదులు ప్లేటంతా ఒకే పొరలా పెరిగింది. శిక్షకురాలు కోప్పడలేదు, కొత్త ప్లేటు ఇచ్చి మళ్లీ గీయమన్నారు.

అయితే ఈ శిక్షణ విలువ నాకు నిజంగా తెలిసింది, బ్యాక్టీరియాను రంగులతో రెండు వర్గాలుగా వేరుచేసే గ్రామ్ స్టెయినింగ్ రోజున. 1884లో హాన్స్ క్రిస్టియన్ గ్రామ్ ప్రచురించిన పద్ధతి నుంచి వచ్చిన దీనిలో క్రిస్టల్ వయొలెట్, అయోడిన్, ఆల్కహాల్, చివర శాఫ్రనిన్ అనే వరుస నాకు కంఠతా వచ్చు. అయినా స్టెఫైలోకాకస్, ఈ.కోలై కలిపి వేసిన నా మొదటి స్లైడు, ఊదా రంగులో ఉండాల్సిన గ్రామ్ పాజిటివ్ స్టెఫైలోకాకస్‌తో సహా, మొత్తం గులాబీ రంగులోనే కనిపించింది. కొన్ని సెకన్లు చాలే ఆల్కహాలును నేను తీరిగ్గా పోస్తూ నిలబడ్డానట. గ్రామ్ పాజిటివ్ కణాల మందపాటి పెప్టిడోగ్లైకాన్ గోడ రంగును పట్టి ఉంచుతుంది గానీ, అతిగా కడిగితే అదీ వదిలేస్తుందని వివరించి, అదే స్మియర్‌ను (స్లైడుపై పరచిన పూతను) మూడు వేర్వేరు వ్యవధులలో కడిగించి పక్కపక్కన పెట్టి చూపించారు. పాఠ్యపుస్తకంలో ఒక్క వాక్యంగా ఉన్న జాగ్రత్తకు అంత సమయం ఇవ్వడం నాకు ఎంతో నచ్చింది.

లోపాలూ చిన్నవి కావు. 121 డిగ్రీల సెల్సియస్, 15 పౌండ్ల పీడనం, 15 నిమిషాలు అని, ఆవిరి పీడనంతో క్రిములను చంపే ఆటోక్లేవ్ గురించి బోర్డు మీద రాశారే తప్ప, ఒక్కసారైనా మాచేత నడిపించలేదు. అగార్ ప్లేట్లు కూడా పోసి సిద్ధంగా ఉంచినవే. మీడియం (పోషక పదార్థం) తూచడం, వేడి తగ్గేదాకా ఆగి గడ్డకట్టకముందే పోయడం తెలియకుండా మౌలిక శిక్షణ పూర్తయిందనడం నాకు ఒప్పుదలగా లేదు. ఐదుగురికి ఒక మైక్రోస్కోపు కావడంతో, ఆయిల్ ఇమ్మర్షన్ కటకం సరిచేసుకునేలోపే వెనకవారు తొందరపెట్టేవారు.

అన్నిటికంటే బాధించినది, నమూనాను అంచెలంచెలుగా పలచన చేసి అందులోని బ్యాక్టీరియాను లెక్కించే సీరియల్ డైల్యూషన్. మధ్యాహ్నమంతా కూర్చుని పదో వంతు చొప్పున పలచన చేసి ప్లేట్లు వేశాం. మరునాడు సెలవు కావడంతో, 30 నుంచి 300 కాలనీలున్న ప్లేట్లను సిబ్బందే ఎంచి లెక్కపెట్టి, అంకెలు బోర్డు మీద రాసి ఉంచారు. మా ప్లేట్లు అప్పటికే పారవేశారు. చేరే ముందు ఈ ఒక్క సంగతైనా అడగండి: వేసిన ప్లేట్లను మీరే లెక్కపెడతారా, లేదా?