కాంటా డ్రైవర్‌లో డెవ్‌ఎమ్: కొన్ని పత్తి సీజన్లు వాడిన తర్వాత సమీక్ష

వరంగల్ చుట్టుపక్కల జిన్నింగ్ మిల్లులకూ, ఎనుమాముల మార్కెట్‌లోని అడ్తి దుకాణాలకూ ఎలక్ట్రానిక్ కాంటాలు అమర్చే చిన్న సంస్థలో, ఇండికేటర్ పెట్టె లోపలి లినక్స్ బోర్డుకు డ్రైవర్లు (హార్డ్‌వేర్‌ను నడిపే ప్రోగ్రాములు) చూసుకోవడం నా పని. బరువును కొలిచే లోడ్‌సెల్ నుంచి వచ్చే సన్నని వోల్టేజీని 24 బిట్ల అంకెగా మార్చే చిప్‌కు మేము సొంతంగా రాసుకున్న డ్రైవర్ ఉంది. దానిని డెవ్‌ఎమ్ పద్ధతిలోకి, అంటే డ్రైవర్ తీసుకున్నవాటిని లినక్స్ మూలభాగమైన కెర్నెలే తిరిగి వదిలిపెట్టే పద్ధతిలోకి, మారుస్తూ మా జట్టులోని యువ ఇంజినీరు ఒక ప్యాచ్ (కోడ్ మార్పు) పంపారు. చూడటానికి నలభై పంక్తులకు మించని శుద్ధి. తనిఖీ చేసి దానిని తీసుకున్నది నేను. ఆ డ్రైవర్ ఎండలనూ, కరెంటు కోతలనూ, మిర్చి ఘాటు నిండిన షెడ్లనూ చూసేసింది కాబట్టి, ఇప్పుడు దాని గురించి నమ్మకంగా రాయగలను.

డెవ్‌ఎమ్ కొత్త సంగతి కాదు. తేజున్ హియో రాసిన ఈ సదుపాయం 2007లో, 2.6.21 కెర్నెల్‌తో వచ్చింది. ప్రోబ్‌లో (పరికరాన్ని మొదలుపెట్టే ఫంక్షన్‌లో) డ్రైవర్ తీసుకున్న మెమరీ, ఇంటరప్ట్ (చిప్ పంపే పిలుపు), రెగ్యులేటర్ (చిప్‌కు కరెంటు ఇచ్చేది) వంటి వాటిని ఆ పరికరం ఖాతాలో రాసిపెట్టుకొని, ప్రోబ్ మధ్యలో విఫలమైనా, తర్వాత ఎప్పుడో డ్రైవర్ పరికరం నుంచి విడిపోయినా, తీసుకున్న వరుసకు సరిగ్గా తలకిందుల వరుసలో కెర్నెలే వాటిని వదిలిపెడుతుంది. అంతకుముందు మా ప్రోబ్ చివర, విఫలమైనప్పుడు దూకి శుభ్రం చేయవలసిన చోట్లుగా, నాలుగు గోటూ లేబుళ్లు ఉండేవి. క్లాక్ (చిప్‌కు లయనిచ్చే సంకేతం) ఆన్ చేశాక ఇంటరప్ట్ దొరకకపోతే క్లాక్ లేబుల్‌కు వెళ్లవలసిన గోటూ, దాన్ని దాటి రెగ్యులేటర్ లేబుల్‌కు వెళ్లేది. క్లాక్ ఆన్‌లోనే మిగిలిపోయేది. మామూలుగా ఎన్నడూ నడవని దారి కనుక ఆ దోషం ఎవరి కంటా పడలేదు. లేబుళ్లు తీసేయడంతో దానికి చోటే లేకుండా పోయింది. శుద్ధి వల్ల కలిగిన మొదటి లాభం ఇదే.

అయితే మొదట వచ్చిన ప్యాచ్‌ను అలాగే తీసుకొని ఉంటే పాత దోషం పోయి అంతకంటే పెద్దది వచ్చి ఉండేది. అందులో మెమరీ, ఇంటరప్ట్ మాత్రమే డెవ్‌ఎమ్‌లోకి మారాయి; వర్క్‌ను (తర్వాత నడిపేందుకు వరుసలో పెట్టిన పనిని) రద్దు చేయడం, రెగ్యులేటర్‌ను ఆపడం మాత్రం డ్రైవర్ విడిపోయేటప్పుడు నడిచే పాత రిమూవ్ ఫంక్షన్‌లోనే ఉన్నాయి. డెవ్‌ఎమ్ కింద ఉన్నవన్నీ రిమూవ్ ముగిశాకనే విడుదలవుతాయి. అంటే రిమూవ్ రెగ్యులేటర్‌ను ఆపే సమయానికి ఇంటరప్ట్ ఇంకా బతికే ఉంటుంది. చిప్‌కు కరెంటు పోగానే, రీడింగ్ సిద్ధమని తెలిపే రెడీ తీగ కిందికి పడుతుంది. ఇంటరప్ట్ హ్యాండ్లర్ దానినే కొత్త రీడింగ్ అనుకొని, అప్పటికే రద్దు చేసిన వర్క్‌ను మళ్లీ వరుసలో పెడుతుంది. ఆ వర్క్ నడిచేసరికి మెమరీ చేయి జారిపోయి ఉంటుంది. పేర్చిన పత్తి బేళ్లలో పైదాన్ని ఉంచి కిందిదాన్ని లాగడమే ఇది. మారిన పంక్తులను ఎంత చదివినా ఈ తప్పు కనిపించదు, ఎందుకంటే అది మారకుండా మిగిలిన పంక్తుల్లో ఉంది. అందుకే ఇలాంటి ప్యాచ్ వచ్చినప్పుడు నేను ముందుగా రిమూవ్ ఫంక్షన్ తెరుస్తాను. ఇంటరప్ట్ డెవ్‌ఎమ్‌లోకి వెళ్లి, రిమూవ్‌లో ఇంకేదైనా మిగిలిందంటే అక్కడ ఆగి ప్రశ్నించాలి.

మా బోర్డు 5.10 కెర్నెల్ మీద ఉంది కనుక కొత్త సదుపాయాలు కొన్ని అందవు. విడుదల సమయంలో పిలవవలసిన ఫంక్షన్‌ను నమోదు చేసే డెవ్‌ఎమ్ యాడ్ యాక్షన్ ఆర్ రీసెట్‌తోనే పని జరిగింది. నమోదే విఫలమైతే ఆ ఫంక్షన్‌ను అది అప్పటికప్పుడే పిలుస్తుంది, అందువల్ల మళ్లీ గోటూ అవసరం రాదు. రెగ్యులేటర్, క్లాక్, వర్క్ రద్దు, చివరగా ఇంటరప్ట్ అన్న వరుసలో నమోదు చేయించాను. విడుదలలో ఇంటరప్ట్ ముందు పోతుంది, ఆ తర్వాతే వర్క్ రద్దవుతుంది. రిమూవ్ ఫంక్షన్ పూర్తిగా మాయమైంది.

దీనిని పరీక్షించే విషయంలో ఒక హెచ్చరిక చేయాలి. మార్కెట్‌లో రోజుకు ఎన్నిసార్లు కరెంటు పోయి వచ్చినా ఈ దారి ఒక్కసారి కూడా నడవదు. కరెంటు పోతే ఏ కోడూ నడవదు. రీబూట్ చేస్తే షట్‌డౌన్‌ను పిలుస్తారు గానీ రిమూవ్‌ను కాదు. అందువల్ల సీజన్ అంతా సాఫీగా నడిచిందన్న మాట విడుదల వరుసకు సాక్ష్యం కాదు. టేబుల్ మీది బోర్డులో కేసాన్ (మెమరీ తప్పులను పట్టే సాధనం) ఆన్ చేసిన కెర్నెల్ వేసి, కాంటా మీద బరువు ఉంచి, డ్రైవర్‌ను పరికరానికి కలిపే, విడదీసే సిస్‌ఎఫ్‌ఎస్‌లోని బైండ్, అన్‌బైండ్ ఫైళ్లకు రాత్రంతా ఒకదాని తర్వాత ఒకటి రాయించడమే సరైన పరీక్ష. మొదటి ప్యాచ్ అందులో తొందరగానే పట్టుబడింది. సవరించినది ఇప్పటికీ నిలబడింది.

అదే ప్యాచ్‌లో డెవ్ ఎర్ ప్రోబ్ వాడకం కూడా ఉంది. ప్రోబ్‌లో వచ్చిన ఎర్రర్‌ను నమోదు చేసే, 2020లో 5.9తో వచ్చిన ఈ చిన్న ఫంక్షన్ మా సర్వీసు కుర్రాళ్లకు చాలా మేలు చేసింది. రెగ్యులేటర్ డ్రైవర్ ఇంకా సిద్ధం కాకముందే మాది మొదలైతే, ప్రతి బూట్‌లోనూ మైనస్ 517 అన్న ఎర్రర్ లాగ్‌లో పడేది, అది చూసి బోర్డు చెడిపోయిందని మార్చి పంపేవారు. ఆ అంకెకు అర్థం తర్వాత మళ్లీ ప్రయత్నించమని మాత్రమే. ఇప్పుడు అది లాగ్‌లో అరవదు. కారణం కావాలంటే, కెర్నెల్ లోపలి సమాచారం చూపే డీబగ్‌ఎఫ్‌ఎస్‌లోని డివైసెస్ డిఫర్డ్ ఫైల్‌లో దొరుకుతుంది.

అన్నిచోట్లా డెవ్‌ఎమ్ పెట్టమని మాత్రం చెప్పను. యూజర్ ప్రోగ్రాము ఫైల్‌గా తెరిచి పట్టుకునే క్యారెక్టర్ డివైస్ ఉంటే, దాని మెమరీ పరికరంతో పాటు పోకూడదు, చివరి ఫైల్ మూసేదాకా ఉండాలి. అక్కడ డెవ్‌ఎమ్ మెమరీ ప్రమాదం. కెర్నెల్ నెట్‌వర్క్ విభాగమైతే వేరే పనితో సంబంధం లేకుండా పాత డ్రైవర్లను డెవ్‌ఎమ్‌లోకి మార్చే ప్యాచ్‌లు వద్దని తన నియమాల్లోనే రాసుకుంది, పరీక్షించే హార్డ్‌వేర్ చేతిలో లేకుండా చేసే శుద్ధి మీద ఆ జాగ్రత్త సమంజసమే. ఇక 2023లో 6.5తో వచ్చిన గార్డ్ పద్ధతి (పరిధి దాటగానే లాకు దానంతటదే విడుదలయ్యే పద్ధతి) లాకులకు ఎంతో బాగుంది గానీ, ఒకే ఫంక్షన్‌లో దానినీ గోటూనూ కలపరాదు. మేము కొత్త కెర్నెల్‌కు మారినప్పుడు ప్రింటర్ డ్రైవర్‌లో లాకుల వరకు దానిని తీసుకుంటాము. కాంటా డ్రైవర్‌లో గోటూలు ఎలాగూ మిగలలేదు.